పొరుగువాళ్ళ మతం, మన మర్యాద: తిరుపతిలో తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతిలో పొరుగంటే ఎవరైనా కావచ్చు. మా వీధినే చూడండి: మేడ మీద యూనివర్సిటీలో చదివే ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, ఎదురింట్లో మదనపల్లె వైపు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం, సందు చివర చర్చి, స్విమ్స్‌లో వైద్యానికి వచ్చి నెలకింతని గది తీసుకున్న కర్నాటకవాళ్ళు. ఇలాంటిచోట బతుకుతున్నందుకు ఒకరినొకరు అడగాలనుకుని, అడిగితే ఏమనుకుంటారోనని ఆగిపోయే ప్రశ్నలు చాలా ఉంటాయి. నన్ను తరచూ అడిగేవి ఇక్కడ రాశాను. నేను వైష్ణవ ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. మిగతా మతాల గురించి రాసినదంతా ఆ మతాల స్నేహితులు ఓపిగ్గా చెబితే నేర్చుకున్నది.

అన్ని మతాలూ ఒకటే కదా! తేడాల గురించి మాట్లాడుకోవడం దేనికి?

ఆ మాట అందరూ మంచి మనసుతోనే అంటారు. కానీ అనేశాక అవతలి మనిషి చెప్పేది వినాల్సిన పని తీరిపోయిందనుకుంటాం. నాకు గురువారం నాటి నేత్రదర్శనం, అంటే నామం తగ్గించి స్వామి కళ్ళు కనబడేలా చేసే దర్శనం, ప్రాణం. ఎదురింటి చాచాకు దేవుడికి రూపం లేదన్నది ప్రాణం. "రెండూ ఒకటేలే" అంటే ఆయన నమ్మకాన్నీ నా నమ్మకాన్నీ కూడా తేలిక చేసినట్టే.

అంతదూరం ఎందుకు, మన ఊళ్ళోనే చూడండి. తిరుమలలో పూజలు వైఖానస ఆగమం ప్రకారం, తిరుచానూరులో అమ్మవారికి పాంచరాత్రం ప్రకారం జరుగుతాయి. ధనుర్మాసం వస్తే కొండ మీద సుప్రభాతం ఆగి, ఆండాళ్ తమిళంలో పాడిన తిరుప్పావై మొదలవుతుంది. కొండ కింద కపిలతీర్థంలో శివుడు. 1843 నుంచి 1933 దాకా తిరుమల ఆలయ పాలన చూసింది ఉత్తరాది నుంచి వచ్చిన హథీరాంజీ మఠం మహంతులు. ఇన్ని తేడాలున్నా ఇంకొకరి పద్ధతిని తమలో కలిపేసుకోవాలని ఎవరూ పట్టుబట్టలేదు. దేని నియమం దానికి ఉంది, దేని గౌరవం దానికి ఉంది. సొంత మతంలో ఇంత సులువుగా చేసే పని పక్క మతం విషయానికి వచ్చేసరికి ఎందుకు కష్టం కావాలి?

మా ఆఫీసులో క్రైస్తవ స్నేహితుడు కొండ చూడాలంటున్నాడు. తీసుకెళ్ళొచ్చా?

తప్పకుండా. ఆలయంలోకి వెళ్ళి దర్శనం చేసుకోవాలంటే మాత్రం, హిందువులు కానివాళ్ళు తమకు శ్రీవేంకటేశ్వరస్వామి మీద విశ్వాసం ఉందని డిక్లరేషన్ మీద సంతకం చేయాలి. ఈ సంగతి ఇంటి దగ్గరే చెప్పండి. క్యూ దాకా తీసుకెళ్ళాక చెబితే, పదిమంది ముందు ఆయన్ని ఇరుకున పెట్టినట్టవుతుంది. సంతకం చేయలేనంటే బలవంతం వద్దు. శిలాతోరణం చూపించండి, మ్యూజియం చూపించండి, నడకదారిలో మోకాళ్ళ పర్వతం ఎక్కించండి.

కొండ మీద మాంసం, మద్యం, పొగాకు పనికిరావనీ, ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరనీ, ఫోను ఆలయంలోకి తేకూడదనీ ముందే చెప్పాలి. పూల సంగతి మన దూరపు చుట్టాలకే తెలియదు. కొండ మీద పూసిన పువ్వంతా స్వామిదేనన్న భావంతో వచ్చిన ఆచారమది.

డిక్లరేషన్ అడగడం ఆ స్నేహితుణ్ణి అవమానించడం కాదా?

నేనలా అనుకోను. గుడి మొదట అక్కడ మొక్కుకునేవాళ్ళది. లోపలికి రావడానికి షరతు పెట్టే హక్కు వాళ్ళకుంది. మక్కాలోకి ముస్లింలు కానివాళ్ళకు ప్రవేశం లేదు. కేథలిక్ చర్చిలో కూర్చుని పూజ చూడొచ్చు గానీ, దివ్యసత్ప్రసాదం (పూజలో పంచే పవిత్రమైన అప్పం) ఆ సంఘానికి చెందినవాళ్ళకే ఇస్తారు.

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. "నమ్మకం లేదు, అబద్ధపు సంతకం పెట్టలేను" అని బయటే ఆగిపోయిన మనిషిని కొందరు పొగరుబోతని అంటారు. స్వామి ముందు అబద్ధం చెప్పనన్నవాడు నా లెక్కలో భక్తుడికి దగ్గరివాడే.

పక్కింటివాళ్ళకు లడ్డూ ఇస్తే తీసుకోలేదు. మమ్మల్ని చిన్నచూపు చూసినట్టే కదా?

నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. కాదు, చిన్నచూపు కాదు. విగ్రహాలకు నివేదించినది తినే విషయంలో క్రైస్తవంలో మొదటి శతాబ్దం నుంచీ చర్చ ఉంది. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోనే దానికి చాలా చోటిచ్చాడు. అల్లా పేరు మీద కాక ఇంకొకరి పేరు మీద అర్పించినది తినకూడదని ముస్లింలలో చాలామంది పాటిస్తారు. వద్దన్నది వాళ్ళు తమ దేవుడికిచ్చిన మాట కోసం. ఏకాదశి నాడు ఎవరో ప్రేమగా అన్నం పెడితే మనం వద్దంటాం కదా, పెట్టినవాళ్ళను తక్కువ చేసి అంటామా?

మరి ఇంకొందరు క్రైస్తవులు, ముస్లింలు కళ్ళకద్దుకుని తింటారు. కాబట్టి పేరును బట్టి ముందే తీర్మానించుకోవద్దు. "కొండ నుంచి లడ్డూ తెచ్చాం, మీకు అభ్యంతరం లేకపోతేనే" అంటే చాలు. వద్దంటే ముఖం మాడ్చుకోకుండా మాట మార్చండి. ఇవ్వాలనే ఉంటే దేవుడికి పెట్టకముందే తీసిన అరిసెలో, బజారులో కొన్న స్వీటో, పండ్లో ఇవ్వండి. "నైవేద్యం పెట్టకముందు తీసి ఉంచాను" అని ఒక్కమాట చెబితే వాళ్ళకెంత ఊరటో మీకే కనిపిస్తుంది.

మా పక్కింటి అక్క చర్చికి పోయే మనిషి. నేను అలవాటు చొప్పున లడ్డూ చేతిలో పెట్టబోతే, ముందు పోయి చేతులు కడుక్కుని వచ్చింది. రెండు చేతులా అందుకుని, "నేను తినను చెల్లెమ్మా, కోపం తెచ్చుకోవద్దు. అయితే ఇది కింద పెట్టేది కాదని తెలుసు. మా ఇంట్లో పనిచేసే అమ్మ స్వామి భక్తురాలు, ఆమెకిస్తాను" అంది. స్టీలు డబ్బాలో పెట్టి, ఆమె వచ్చేదాకా ఫ్రిజ్ మీద ఎవరి చేతికీ అందకుండా ఉంచింది. ప్రసాదాన్ని మొహమాటానికి తిన్నవాళ్ళను చాలామందిని చూశాను. తినకుండా అంత గౌరవంగా చూసుకున్న మనిషిని ఆమెనే చూశాను.

ఇఫ్తార్‌కు పిలిచారు. మేం శాకాహారులం. వెళ్తే ఇబ్బందా?

వెళ్ళండి, ముందే చెప్పి వెళ్ళండి. అక్కడికి పోయాక పళ్ళెం ముందు కూర్చుని మొహం అటూ ఇటూ తిప్పడమే ఇబ్బంది. ఖర్జూరం, పండ్లు, షర్బత్తు ఎటూ ఉంటాయి. సూర్యాస్తమయం వేళ అజాన్ వినబడ్డాకే ఉపవాసం విడుస్తారు. అప్పటిదాకా మీరూ ఆగితే బాగుంటుంది.

ఎదురింటి చాచీ మమ్మల్ని పిలిచినప్పుడు వంటింట్లోకి తీసుకెళ్ళి మరీ చూపించింది. కొత్త గిన్నె, దాని మీద స్టిక్కరు కూడా ఇంకా పూర్తిగా ఊడలేదు. "ఇందులో మాంసం ఎప్పుడూ వండలేదమ్మా, మీకోసమే కొన్నా. నూనె ప్యాకెట్టు కూడా కొత్తదే" అంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి మా పట్టింపు కోసం బజారుకు పోయి గిన్నె కొనుక్కొచ్చింది. ఆ పట్టింపు సరైనదా కాదా అని ఆమె విచారించలేదు. ఇలాంటి మర్యాద దొరికినప్పుడు "అయ్యో, ఎందుకింత శ్రమ" అని కొట్టిపారేయకుండా కడుపునిండా తినాలి.

రంజాన్ నెలలో ఆఫీసులో ఉపవాసం ఉన్నవాళ్ళ ముందు తినొచ్చా?

తినొచ్చు. చాలామంది అదేమీ పట్టించుకోరు. వాళ్ళ టేబుల్ దగ్గరే డబ్బా విప్పకండి, సాయంత్రం మీటింగులు వాళ్ళు ఇల్లు చేరే వేళకు మించి లాగకండి. "నీళ్ళు కూడా తాగరా?" అని రోజూ అడగకండి.

బీబీ నాంచారి కథ నిజమేనా?

ముస్లిం రాచకన్య స్వామిని వలచి ఆయనలో ఐక్యమైందన్న కథ తరతరాలుగా మన ప్రాంతంలో ఉంది. శ్రీరంగంలో ఇదే పోలికతో తుళుక్క నాచ్చియార్ కథ ఉంది, అక్కడ ఆమె పేరిట రొట్టె నైవేద్యం పెడతారు. మేల్కోటెలోనూ బీబీ నాచ్చియార్ ఉంది. తేదీలు వెతికి తేల్చే విషయం కాదిది. ఆ కథను జనం ఎలా బతికిస్తున్నారన్నదే నాకు ముఖ్యం. ఉగాది నాడు కడపకు పోతే దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ముందు ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు పట్టుకుని నిలబడి ఉంటాయి. నాంచారమ్మ తమ ఆడపడుచు, స్వామి తమ ఇంటి అల్లుడన్న వరస వాళ్ళది. తిరుమలలో మంగళవారం జరిగే అష్టదళ పాదపద్మారాధన సేవకు 1984లో 108 బంగారు పద్మాలు సమర్పించింది గుంటూరుకు చెందిన ఒక ముస్లిం భక్తుడు. ఇటునుంచి అటు కూడా అంతే. అనంతపురం వైపు గూగూడు కుళ్ళాయప్ప పీర్లకు మొక్కే హిందువులు లెక్కలేనంతమంది. రాయలసీమలో మస్తానప్ప, హుస్సేనప్ప, కుళ్ళాయప్ప అన్న పేర్లున్న హిందువులు ప్రతి ఊళ్ళోనూ కనిపిస్తారు.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ కథలు చెప్పి మీ ముస్లిం స్నేహితుడితో "చూశావా, నువ్వూ మా స్వామికి బంధువే" అనకండి. గుడికి పోవడం, పీర్లను ఎత్తడం తమ విశ్వాసానికి సరిపడదనే ముస్లింలు చాలామంది ఉన్నారు. దేవుని కడప గుడిముందు నిలబడ్డ ముస్లింను మెచ్చుకుని, మసీదు దాటి ఎటూ పోని ముస్లింను మెచ్చుకోకపోతే, మనం మెచ్చుకుంటున్నది మన దేవుణ్ణే తప్ప ఆ మనిషిని కాదు.

గంగమ్మ జాతరలో మా ఇంటి ముందుకొచ్చి బూతులు తిట్టారు. దీన్ని కూడా గౌరవించాలా?

కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళు అడిగితే అర్థం చేసుకోగలను. ఇక్కడే పుట్టి, చదువుకుని, ఇప్పుడు పెద్ద అపార్టుమెంట్లలో ఉంటున్నవాళ్ళు కూడా అడుగుతుంటే మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది.

ఆడపిల్లల్ని చెరబట్టే పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం వేసి వీధుల్లో వెతికిందని కథ. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నామం సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి మసిబొగ్గు, దొర వేషానికి చందనం పూసుకుంటారు. వాడు దాక్కున్నచోటు నుంచి రావడం కోసం ఆమె తిట్టిన తిట్లే ఆ బూతులు. దొర వేషం చూసి మర్యాద చేద్దామని బయటికి వచ్చినవాణ్ణి చంపేసింది. మరునాడు మాతంగి వేషంలో వాడి భార్యను ఓదార్చడానికి పోయింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఈ ఓదార్పే. మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, జడ వేసుకుని, పూలు ముడుచుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచే రోజులవి. ఏడాదిలో కొన్ని రోజులైనా మగవాడు ఆడదాని బట్టల్లోకి దిగి ఆడదాని దేవతకు మొక్కుతున్నాడంటే, మన పద్ధతైన పూజల్లో లేనిదేదో అక్కడ ఉంది.

గంగమ్మ శ్రీనివాసుడికి చెల్లెలని నమ్మకం. జాతరకు తిరుమల తిరుపతి దేవస్థానం నుంచి సారె వస్తుంది. స్వామివారే పుట్టింటి సారె పంపే చెల్లెలి పండగను చూసి మనం ముక్కు మూసుకోవడమేమిటి? వేరే మతాల్ని గౌరవించాలని సభల్లో మాట్లాడి, సొంత ఊళ్ళో ఈ వేషాలు కట్టే కైకాల కుటుంబంవాళ్ళ పండగను మోటుదని తీసిపారేసేవాళ్ళు ముందు ఈ వారం రోజులు వీధిలో నిలబడి చూడాలి. వేషగాడు ఇంటి ముందుకు వస్తే పసుపునీళ్ళు, దక్షిణ ఇవ్వండి. పిల్లలు తిట్లు వింటారని భయమైతే కథ కూడా చెప్పండి. వీడియో తీసి "అనాగరికం" అని పెట్టకండి.

మనకు తప్పనిపించిన ఆచారాన్ని కూడా గౌరవించాలంటారా?

మనిషిని గౌరవించాలి. ఆచారాన్ని ప్రశ్నించొచ్చు. ఎలాగో తెలియడానికి చిత్తూరువాళ్ళకు అందరికీ తెలిసిన ఆస్పత్రి గురించి చెబుతాను. జబ్బు ముదిరితే కులమతాలతో పని లేకుండా మన జిల్లావాళ్ళు బస్సెక్కేది వేలూరు సీఎంసీకే కదా. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ అమెరికన్ మిషనరీల కూతురు. వైద్యం చదవాలన్న ఆలోచన మొదట ఆమెకు లేదు. ఒకనాటి రాత్రి ముగ్గురు మగవాళ్ళు, వాళ్ళలో ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, కాన్పు కష్టమైన తమ భార్యల కోసం ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఆమె తండ్రి డాక్టరే. కానీ పరాయి మగవాణ్ణి లోపలికి రానివ్వలేమన్నారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్ళూ చనిపోయారు.

ఆ ఆచారం ప్రాణాలు తీసింది. ఆ మాట దాచాల్సిన పని లేదు. కానీ ఆమె అక్కడ నిలబడి ఆ మగవాళ్ళను మూర్ఖులని తిట్టి ఊరుకోలేదు. అమెరికా పోయి, చదివి, 1899లో డాక్టరై తిరిగొచ్చింది. 1900లో ఒక్క మంచంతో వేలూరులో వైద్యం మొదలుపెట్టింది. తర్వాత ఇక్కడి ఆడపిల్లలకే వైద్యం నేర్పింది. ఆడవాళ్ళు ఆడ డాక్టరు దగ్గరికైతే వస్తారు కాబట్టి ఆడ డాక్టర్లను తయారు చేసింది. తప్పును తప్పనడానికి మనకు ఆమెకున్నంత ఓపిక ఉందా అని ముందు చూసుకోవాలి.

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు మతం అడగడం తప్పా? మా ఇల్లు మా ఇష్టం కదా?

వంటింట్లో మాంసం వండకూడదన్న షరతు ఉంటే బోర్డు మీదే రాయండి. అది ఆహారం గురించిన షరతు, ఎవరైనా ఒప్పుకోవచ్చు, మానుకోవచ్చు. కానీ ఫోనులో అన్నీ మాట్లాడుకుని, అడ్వాన్సు ఎంతో కూడా చెప్పుకుని, చివర్లో పేరు వినగానే "ఇప్పుడే వేరేవాళ్ళకిచ్చేశామండీ" అంటున్నారు. ఇది తప్పు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. పేరు చెప్పాక అవతల వినబడే ఆ చిన్న నిశ్శబ్దం ఏమిటో ముస్లిం పిల్లలకు, దళిత క్రైస్తవ పిల్లలకు బాగా తెలుసు. వాళ్ళు మర్యాదగా "పర్లేదండీ" అని పెట్టేస్తారు. కొండకు వచ్చే ప్రపంచానికంతా గదులిచ్చి బతుకుతున్న ఊరు మనది. చదువుకోవడానికి వచ్చిన పిల్లాడికి తలుపు వేయడం మనకు తగదు.

ఆస్పత్రిలో ఉంటే ఎవరో వచ్చి మా మతంలోకి రండి, నయమవుతుందన్నారు. ఏం చేయాలి?

అక్కర్లేదని చెప్పండి. "మీరు మంచికోసమే చెప్పారు, మా నమ్మకం మాకుంది" అంటే చాలు. ఆగకపోతే సిబ్బందికి చెప్పండి. మతాన్ని పాటించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛను రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది, ప్రజాశాంతికీ నైతికతకూ ఆరోగ్యానికీ లోబడి. నొప్పితో ఉన్న మనిషి మంచం పక్కన ఆ స్వేచ్ఛను వాడటం మాత్రం నాకు సమ్మతం కాదు. తిరుమలలో ఇతర మతాల ప్రచారం మీద 2007లో ప్రభుత్వం నిషేధం పెట్టింది, ఇది కూడా తెలుసుకుని మసలుకోవాలి.

ఇదే కొలత మనకూ వేసుకోవాలి. ఐసీయూ బయట కూర్చున్న ముస్లిం తల్లితో "వెంకన్నకు మొక్కుకో అమ్మా, తప్పకుండా బాగవుతాడు" అన్నవాళ్ళను చూశాను. వాళ్ళకు దాంట్లో తప్పేమీ కనబడలేదు. ఆమె తలూపింది, ఏమీ అనలేకపోయింది. "మీ అబ్బాయి కోసం నేనూ ప్రార్థిస్తాను" అంటే సరిపోయేది.

వేరే మతంవాళ్ళింట్లో చావు జరిగితే వెళ్ళొచ్చా?

వెళ్ళాలి. పండగకు పోకపోయినా చావుకు పోవాలి.

ముస్లింల ఇంట్లో సాధారణంగా ఆలస్యం చేయకుండా ఖననం చేస్తారు, కాబట్టి కబురు తెలియగానే బయలుదేరండి. స్నానం చేయించి, కఫన్ (శవవస్త్రం) తొడిగి, జనాజా నమాజు (చనిపోయినవాళ్ళ కోసం చేసే నమాజు) చేస్తారు. అది నిలబడే చేసే నమాజు, అందులో వంగడం, సాష్టాంగపడటం ఉండవు. మనం వెనకగా నిశ్శబ్దంగా నిలబడితే చాలు. జనాజాకు, అంటే పాడెకు, భుజం పట్టొచ్చా అని ఇంటి పెద్దను అడగండి, చాలాచోట్ల సంతోషంగా చోటిస్తారు. ఆడవాళ్ళు ఎక్కువగా శ్మశానానికి పోరు, ఇంట్లోవాళ్ళ దగ్గర కూర్చుంటారు. దండలు తీసుకెళ్ళేముందు కనుక్కోండి.

క్రైస్తవుల ఇంట్లో పాటలు, ప్రార్థన ఉంటాయి. పాట రాకపోయినా అందరితోపాటు లేచి నిలబడండి. మన ఇళ్ళకు వచ్చే వేరే మతంవాళ్ళకు కూడా చెప్పాల్సినవి ఉన్నాయి. చావు ఇంటి నుంచి లేచేటప్పుడు "వెళ్ళొస్తాం" అనరనీ, తిరిగిపోయాక స్నానం చేసేది మా ఆచారమే గానీ మీకు తప్పనిసరి కాదనీ చెప్పండి.

గుడ్ ఫ్రైడేకు శుభాకాంక్షలు చెప్పొచ్చా?

వద్దు, అది యేసు సిలువ మరణాన్ని తలచుకునే రోజు. శుభాకాంక్షలు ఆదివారం ఈస్టర్‌కు చెప్పండి. మొహర్రం పదో రోజు కూడా అలాంటిదే, "హ్యాపీ" అని మెసేజ్ పెట్టేది కాదు.

అపార్టుమెంట్ గ్రూపులో వాళ్ళ మతం గురించి ఒక వీడియో ఫార్వర్డ్ చేశాను. అబద్ధమని తర్వాత తెలిసింది. ఎలా సరిదిద్దుకోవాలి?

డిలీట్ చేసి ఊరుకుంటే సరిపోదు, చూడాల్సినవాళ్ళు అప్పటికే చూసి ఉంటారు. గ్రూపులో పెట్టిన తప్పును గ్రూపులోనే ఒప్పుకోండి: "నేను పంపిన వీడియో అబద్ధం, చూసుకోకుండా పంపాను, క్షమించండి." అంతే రాయండి. "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే" అని చేర్చకండి, నొచ్చుకున్నారో లేదో మీకు తెలుసు. తర్వాత ఆ కుటుంబం ఇంటికి స్వయంగా వెళ్ళండి. వాళ్ళు కోపంగా మాట్లాడితే వినండి, మీ సంజాయిషీ ఆరోజుకు వద్దు. ఆ వీడియో మీకు పంపినవాళ్ళకు కూడా అది అబద్ధమని రాయండి. బంధువైతే, పెద్దవాళ్ళైతే ఫోన్ చేసి చెప్పండి.